నిరాయుధునిపై విద్యుదాయుధము

(మా పట్టణపు గ్రంథాలయ మందిరమున గత ఆదివారము సాయంకాలము ఒక న్యాయవాది మిత్రుడు చేసిన ఉపన్యాసమిది. సభకు రాలేకపోయినవారి కోరికపై ప్రచురించుచున్నాము. — సం.)



పది దినముల క్రిందట ఈ మందిరమునందే, అదిగో ఆ కిటికీ ప్రక్క బల్లవద్ద, ఒక యువకుడు పత్రిక చదువుచు నన్నొక ప్రశ్న యడిగెను. "విదేశపు పోలీసులు వాడుచున్న విద్యుత్తుపాకి మనిషిని చంపదు గదండీ! గుండు పేల్చి చంపుటకన్న కరెంటు తగిలించి పడగొట్టుట మేలు గాదా? మీబోటివారు దాని నాక్షేపించుట యేల?" అని. ప్రశ్న సహేతుకమైనది. నేనా దినము తొందరలో నుంటిని. ఏదో పొడిపొడిగా సమాధానము చెప్పి వెడలిపోతిని. ఇల్లు చేరునప్పటికి నా జవాబు నాకే నచ్చలేదు. కోర్టులో నట్టి జవాబు చెప్పియుండినచో న్యాయమూర్తి నన్ను కూర్చుండుమని యుండును. ఆ బాకీ తీర్చుకొనుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

మొదట ఆ ఆయుధ మెట్టిదో తెలియవలెను. టేజరు అను పేరుగల ఆ పరికరము చూపునకు పిస్తోలువలె నుండును. మీట నొక్కగనే లోపలి వాయుపీడనము రెండు చిన్న ములుకులను ముందునకు విసరును. వాని వెంట సన్నని తీగలు సాగిపోవును. ములుకులు రెండును మనుష్యుని దుస్తులలోనో చర్మముననో నాటుకొనగనే వలయము పూర్తియై విద్యుత్తు ప్రవహించును. ఒకమారు నొక్కిన అయిదు సెకండ్లు. వ్రేలు తీయకుండ నొక్కిపట్టిన ఇంకను ఎక్కువ. ఆసేపు కండరములు బిగుసుకొనిపోయి మనిషి మొద్దువలె గూలును. చేతులు చాచి తన్ను తాను కాచుకొను శక్తియైన నుండదు. ఇదిగాక ములుకులు విసరకుండ పరికరమును నేరుగ ఒంటికి ఆనించి నొక్కు పద్ధతి మఱొకటి కలదు. అప్పుడు కండరములు వశము తప్పుట తక్కువ. నొప్పి మాత్రము మెండు. ఈ రెండవ పద్ధతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. దాని ప్రసక్తి మరల వచ్చును.

దీనిని కల్పించినవాడు అమెరికా దేశస్థుడగు జాక్ కవర్. 1970 దశకమున ఇది వెలువడెను. తాను చిన్ననాట చదివిన బాలుర కథలలోని టామ్ స్విఫ్ట్ అను వీరుని విద్యుత్తుపాకిని తలచుకొని ఆయన దీనికి ఆ పేరు పెట్టెను. ములుకులు విసరుటకు మొదట తుపాకిమందు వాడిరి. అందుచే 1976లో అమెరికా ప్రభుత్వము దీనిని తుపాకుల జాబితాలో జేర్చెను. 1990 దశకమున తుపాకిమందు తీసివైచి నైట్రోజను వాయువు నింపిరి. అంతట నది తుపాకి గాకపోయెను! దెబ్బ తినువాని ఒంటికి తేడా యేమియు లేదు. చట్టపు కంటికి మాత్రము వస్తువే మాఱినది. మా వృత్తిలోనివారము ఇట్టి విచిత్రములకు అలవాటు పడినవారమే గాని, మీకు వింతగా దోచవచ్చును.

ఆ యువకుని పక్షమున జెప్పదగినది చాల గలదు. దానిని దాచను. కత్తి ఝళిపించుచు వచ్చువానిని, పసిబిడ్డ మెడపై బాకు నుంచినవానిని, గుండు పేల్చక పడగొట్టగల సాధనము దొరకుట మేలే. అట్టిచోట టేజరు ప్రాణము నిలిపినది. ఆ నిలిచిన ప్రాణము మన లెక్కలో జేరవలసినదే. పోలీసువాడును మనవంటి మనిషియే, అతనికిని ఆలుబిడ్డలున్నారు. తుపాకి దీయవలసినచోట టేజరు దీసినవానిని నేను తప్పు పట్టను. నా యాక్షేపణ వేఱు. తుపాకికి బదులని చెప్పి తెచ్చిన ఆయుధము, తుపాకి ఊసే యెత్తనక్కరలేని చోట్ల, మాటకు బదులుగా వాడబడినది. ఒక్క వ్యాజ్యమును మీ ముందుంచెదను.

అంతకుముందు ఒక ఇంటిమాట. మా మేనత్తగారికి తెలుగు తప్ప మఱొక భాష రాదు. కుమారుని చూచుటకు క్రిందటేడు ఆమె యొంటరిగా కెనడా పోయిరి. బయలుదేరుటకు ముందు నేనొక కాగితముపై ఆమె పేరు, కుమారుని టెలిఫోను నంబరు, 'ఈమెకు ఇంగ్లీషు రాదు, దయచేసి సాయము చేయుడు' అను మాటలు ఆంగ్లమున వ్రాసి యిచ్చితిని. ఆమె దానిని నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టులో దాచుకొనిరి. శంషాబాదు విమానాశ్రయమున నిలిచి చూచిన ఇట్టి కాగితములు చేతబట్టుకొన్న తల్లులు, తండ్రులు ప్రతిరాత్రియు గానవత్తురు. మా మేనత్తగారు క్షేమముగానే చేరిరి. ఆమె చేరినట్లు కబురు వచ్చువఱకు నాకు నిద్రపట్టలేదు. కారణమేమన, నేనీ వ్యాజ్యమును చదివియుంటిని.

2007 సంవత్సరము అక్టోబరు 13వ తేదీ మధ్యాహ్నము మూడు దాటిన పిమ్మట, కెనడాలోని వాంకూవరు విమానాశ్రయమున రాబర్ట్ జెకాన్‌స్కీ అను నలువదేండ్ల పోలండు దేశస్థుడు దిగెను. ఆయన కదియే మొదటి విమానయానము. కామ్‌లూప్స్ అను ఊర నివసించు తల్లివద్ద స్థిరపడుటకు వచ్చినవాడు. ఆంగ్లము రాదు. సామానులు వచ్చుచోట నిలువుము, నేనచ్చటికి వత్తునని తల్లి చెప్పియుండెను. ఆచోటు లోపలి భాగమున నున్నదనియు, బయటివారిని అచ్చటికి రానీయరనియు పాప మామె యెఱుగదు. తల్లి యొకవైపున, కొడుకు మఱియొకవైపున, నడుమ కొన్ని తలుపులు. ఆమె పలువురను బతిమాలెను. నీ కొడుకు ఇచ్చట లేడని చెప్పిరి. రాత్రి పది గంటల ప్రాంతమున ఆమె నిరాశతో సుమారు 350 కిలోమీటర్ల దూరమున నున్న ఇంటిదారి పట్టెను. కొడుకు లోపలనే యుండెను. రావలసిన కాగితములు ముగించుకొని ఆయన వెలుపలికి వచ్చునప్పటికి అర్ధరాత్రి దాటెను. వచ్చి చూచిన తల్లి లేదు. పది గంటల నిరీక్షణ, ప్రయాణపు బడలిక, అర్థముగాని భాష. ఆయన మతి చెదరెను. పోలిషు భాషలో కేకలు వేసెను. ఒక కంప్యూటరును నేలగొట్టెను. చిన్నబల్ల నొకదానిని విసరెను. ఒక స్త్రీ దగ్గఱకు పోయి మెల్లగా శాంతపఱచ యత్నించెను. ఆయన ఆమెను ఏమియు ననలేదు.

నలుగురు పోలీసులు వచ్చిరి. ఆయనకు ఇంగ్లీషు రాదని అచ్చటివారు వారికి చెప్పుచునే యుండిరి. పోలీసులు ఆయనను చుట్టుముట్టి ఏదో ఆజ్ఞాపించిరి. ఆయన చేతులు పైకెత్తి విదిలించి ప్రక్కనున్న బల్లవైపు నడచెను. బల్లపైనున్న కాగితములు కుట్టు స్టేప్లరు నొకదానిని చేతబట్టెను. పోలీసులు వచ్చి అప్పటికి అర నిమిషమైన గాలేదు. టేజరు పేలెను. ఆయన గిలగిల కొట్టుకొని నేలగూలెను. కూలిన పిదపగూడ పేలెను. మొత్తము అయిదు మారులు. నలుగురును మీదబడి అదిమి సంకెళ్లు వేసిరి. తల్లిని చేరవచ్చినవాడు ఆ నేలమీదనే కన్నుమూసెను. అప్పటికి తేదీ మాఱి 14 అయ్యెను.

మహాశయులారా, ఆ అర నిమిషమును గూర్చి యొక్కమాట. ఆ హాలులో జనులు కొలదిమంది. వారు గాజు తలుపుల కవతల నుండిరి. ఆయన వద్ద ఆయుధము లేదు. పారిపోవుటకు దారి లేదు. తెల్లవాఱువఱకు నిలిచియుండినను మునిగిపోవు కార్యమేదియు లేదు. ఒక దుబాసీని టెలిఫోనులో పిలువవచ్చును. నీళ్లగ్లాసు చూపవచ్చును. నలుగురిలో నొకడు కుర్చీ లాగికొని కూర్చుండిన ఆయనయు కూర్చుండెడివాడేమో! ఏ పల్లెటూరి మునసబైనను, త్రాగి తిరుగబడిన మనిషిని చూచినప్పుడు, మొదట ఆతని పేరు పెట్టి పిలుచును. వాని వాళ్లెవరైన నున్నారా యని చుట్టు చూచును. చేతిలో సులువైన ఆయుధ మున్నప్పుడు ఆ ఓరిమికి చోటు లేకపోయెను. నలుగురు బలాఢ్యులకు స్టేప్లరు పట్టిన ఒక బడలిన మనిషి!

ఇక రెండవ అంకము వినుడు. న్యాయవాదిగా నాకు మొదటిదానికన్న నిదియే యెక్కువ కలవరము గలిగించినది. మరునాడు పోలీసు ప్రతినిధి పత్రికలకు చెప్పినదేమన, టేజరు రెండుమారులు మాత్రమే వాడిరని, పోలీసులు ముగ్గురే యుండిరని. స్టేప్లరు ఎత్తి మీదికి వచ్చెనని, పెనుగులాడి పడవేయవలసివచ్చెనని పోలీసులు తమ వ్రాతలలోను వాఙ్మూలములలోను జెప్పిరి. ఇంతటితో ఫైలు మూయబడియుండెడిదే. అయితే పాల్ ప్రిచర్డ్ అను యువప్రయాణికుడు ఆ సమయమున అచ్చట నుండి చేతి కెమేరాలో అంతయు పట్టియుంచెను. పోలీసులు దర్యాప్తు నిమిత్తము దానిని తీసికొని, త్వరలో తిరిగి ఇత్తుమనిరి. పిదప ఇప్పు డియ్యమనిరి. ఆయన కోర్టు కెక్కెను. నవంబరు నడుమ ఆ చిత్రము లోకమునకు వెల్లడియయ్యెను. ముగ్గురుగాదు, నలుగురు. టేజరు యంత్రము తనలో దాచుకొన్న లెక్కయు రెండుగాదు, అయిదని చూపెను. పెనుగులాట యెక్కడనో వెదకిచూచినను గానరాలేదు. మొదటి దెబ్బకే మనిషి వశము తప్పి పడినట్లు కనబడెను.

బ్రిటిషు కొలంబియా ప్రభుత్వము విశ్రాంత న్యాయమూర్తి టామస్ బ్రెయిడ్‌వుడ్‌గారిని విచారణకర్తగా నియమించెను. ఆయన 2009లో ఆయుధమును గూర్చి, 2010లో ఈ మరణమును గూర్చి రెండు నివేదికలు వెలువరించెను. రెండవ నివేదికకు 'ఎందుకు?' అనునదే పేరు. ఆ పోలీసులు ఆ పరిస్థితిలో టేజరు వాడుట సమర్థనీయము గాదనియు, తమ చేతలను సమర్థించుకొనుటకు బుద్ధిపూర్వకముగ తప్పుడు వర్ణన చేసిరనియు ఆయన తేల్చెను. ఆయుధమును గూర్చి ఆయన తేల్చినది యింకను ముఖ్యము. కొన్ని పరిస్థితులలో ఆ విద్యుత్తు గుండెనడకను చెదరగొట్టి ప్రాణము తీయగలదని వైద్యుల వాంగ్మూలములు విని నిర్ణయించెను. చేసి అమ్ము కంపెనీవారు ఆ నివేదికపై కోర్టుకు పోయి ఓడిపోయిరి. చిత్రమేమన, అదే కంపెనీ 2009 అక్టోబరులో, వీలయినంతవఱకు రొమ్మునకు గుఱిపెట్టవలదని పోలీసులకు సలహా వ్రాసెను.

మరి శిక్ష? ఆ మరణమునకై ఎవరి మీదను అభియోగము మోపబడలేదు. విచారణసంఘము నెదుట అబద్ధ మాడిరని మాత్రము నలుగురిపైనను కేసులు నడచినవి. 2015 నాటికి ఇద్దఱు దోషులుగ, ఇద్దఱు నిర్దోషులుగ తేలిరి. 2017లో కెనడా సుప్రీంకోర్టు ఆ దోషనిర్ణయమును స్థిరపఱచెను. చంపినందులకు లేదు, చెప్పినందులకు గలదు! ఆ చెప్పినదైనను ప్రయాణికుని కెమేరా లేకుండిన బయటపడెడిది గాదు.

ఇచ్చటనే నేను మిమ్ములను మన బందరువైపు ఒక్కసారి చూడవేడుచున్నాను. 1930లో ఉప్పు సత్యాగ్రహపు దినములలో, మచిలీపట్టణము కోనేరు సెంటరున జాతీయ పతాకము నెగురవేయబోయిన తోట నరసయ్యనాయుడుగారిని స్పృహ తప్పువఱకు లాఠీలతో గొట్టిరి. ఆ దెబ్బలు ఊరంతయు జూచెను. ఒంటిమీద చారలు తేలినవి. వైద్యుడు లెక్కింపగలిగెను. ప్రభుత్వమువారు తమ ప్రకటనలలో ఏమి వ్రాసికొన్నను ఆ చారలు వ్రాసినదానిని చెరుపలేకపోయిరి. 'స్వల్ప లాఠీ ప్రయోగము' అనుమాట నేటికిని మన పత్రికలలో జీవించియున్నది. ఎవని వీపునకు అది స్వల్పమో నాకిప్పటికిని తెలియదు. అయినను లాఠీ సాక్ష్యమును వెంట మిగిల్చి పోవును. టేజరు మిగుల్చునది రెండు సూదిపోట్లు, లేదా చిన్న కాలిన మచ్చలు. నాలుగు దినములలో అవియు మాసిపోవును.

దెబ్బలు తిన్న కక్షిదారుని వెంటబెట్టుకొని మేజిస్ట్రేటు నెదుట నిలిచినప్పుడు మొట్టమొదట వినవచ్చు ప్రశ్న యేదో నేను మీకు చెప్పనక్కరలేదు. 'గాయము లేవి?' అని. ఊండు సర్టిఫికెట్టు చేతనున్న వకీలు తలయెత్తి మాటలాడును, లేనివాడు తడబడును. ఇరువది సంవత్సరములుగ రెండు స్థితులను అనుభవించినవాడను. నొప్పి యంతయు గలిగించి గుఱుతు మిగుల్చని ఆయుధము నల్లకోటు వేసికొన్నవాని చేతులు కట్టివేయును. నే నిందాక జ్ఞాపకముంచుకొను డన్న రెండవ పద్ధతి, ఒంటికి ఆనించి నొక్కునది, మూసిన ఠాణా గదిలో దేనికి పనికివచ్చునో మీరే యూహించుకొనుడు. 2007 నవంబరులో ఐక్యరాజ్యసమితి చిత్రహింస నిరోధక సంఘము పోర్చుగల్ దేశపు విషయమును విచారించుచు, ఈ ఆయుధపు తీవ్రమైన నొప్పి ఒక విధమగు చిత్రహింసయే యని చెప్పినది. ఆ చిత్రహింస నిరోధక ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసెను. దానిని ధ్రువపఱచుట మాత్రము ఇంకను జరుగలేదు.

నిరాయుధుడనగా ఎవడు? ఈ ప్రశ్నను దాటవేయుట సులభము. వాంకూవరులో స్టేప్లరు ఆయుధమైనది. ఆస్ట్రేలియాలోని కూమా అను ఊర 2023 మే నెలలో, వృద్ధాశ్రమమున నివసించు క్లేర్ నోలాండ్ అను 95 ఏండ్ల అవ్వ చేత కూరకత్తివంటి కత్తి నొకదానిని పట్టుకొని, నడక ఊతపుచట్రమును త్రోసికొనుచు మెల్లగా అడుగులు వేయుచుండెను. కత్తి దింపలేదని పోలీసు ఆమెపై టేజరు పేల్చెను. ఆమె పడి తలకు దెబ్బ తగిలి కొన్ని దినములకు మరణించెను. ఆ పోలీసు 2024లో నరహత్య దోషిగ తేలెను. 2025లో కారాగారము లేకుండ సమాజసేవతోగూడిన శిక్ష విధించిరి. ఆమె సాయుధురాలని వాదింపవచ్చును, వాదించిరి గూడ. కావున చేతిలో నేమున్నది యను ప్రశ్న చాలదు. ఆ చేయి ఇప్పుడు, ఈ క్షణమున, ఎవనికి హాని చేయగలదు అను ప్రశ్న వేయవలెను. తొంబది యైదేండ్ల యవ్వకు దూరముగ నిలిచిన యువపోలీసున కేమి యపాయము?

అమెరికా కోర్టుల మాట చెప్పకున్న నా వృత్తి కన్యాయము చేసినవాడ నగుదును. 2005లో కాలిఫోర్నియాలోని కొరొనాడో పట్టణమున కారు బెల్టు పెట్టుకొనలేదని ఒక యువకుని ఆపిరి. అతడు చిరాకుతో కారు దిగి, తొడలు చరచుకొనుచు, తనలో తాను గొణుగుకొనుచు నిలిచెను. ఒంటిమీద లాగు, కాళ్లకు బూట్లు తప్ప వేఱేమియు లేదు. ఇరువది అడుగుల దూరము. టేజరు పేలెను. మొగము తారురోడ్డుకు గొట్టుకొని నాలుగు పండ్లు విఱిగినవి. బ్రయన్ వర్సస్ మెక్‌ఫెర్సన్ అను ఆ వ్యాజ్యములో తొమ్మిదవ సర్క్యూటు కోర్టువారు ఇది మితిమీరిన బలప్రయోగమని నిర్ణయించిరి. ఆ యువకునికి పరిహారము? లేదు. ఆ సంగతి అప్పటికి చట్టములో స్పష్టపడియుండలేదు గావున పోలీసునకు రక్షణ గలదనిరి. మఱొకటి: ఉత్తర కెరొలైనాలోని పైన్‌హర్స్ట్ ఊర 2011లో, సోదరి ఆసుపత్రికి దీసికొని వచ్చిన మానసిక రోగి యొకడు వెలుపలికి నడచి, వీధి గుఱుతు స్తంభమును కౌగిలించుకొని వదలలేదు. వదలుమని రెండు నిమిషములలో అయిదుమారులు, నేను చెప్పిన ఆ రెండవ పద్ధతిని, ఒంటికి ఆనించి నొక్కిరి. కొలదిసేపటికి మరణించెను. 2016లో నాలుగవ సర్క్యూటు కోర్టు స్పష్టముగ జెప్పెను: తక్షణాపాయము లేనిచోట, ఊరక పట్టు వదలకుండుటకు టేజరు వాడరాదు. అయినను ఆ కుటుంబమునకు ఫలము లేదు, కారణ మదే. హక్కును కనుగొన్న తీర్పులోనే హక్కుదారుని వట్టిచేతులతో పంపిరి. తరువాతివారి కది పనికివచ్చును, నిజమే. స్తంభము పట్టుకొన్నవాడు మాత్రము తిరిగిరాడు.

ఇంగ్లండులో మాత్రము ఒకటి వేఱుగ జరిగినది. డాలియన్ ఆట్కిన్‌సన్ అను ప్రఖ్యాత ఫుట్‌బాలు ఆటగాడు 2016లో టెల్‌ఫర్డ్ పట్టణమున మతి చెదరిన స్థితిలో నుండగా, నిరాయుధునిపై టేజరును ఎడతెగక 33 సెకండ్లు నడపిరి. అయిదు సెకండ్లని చెప్పితిని గదా, దానికి ఆరు రెట్లకు మించి. పడినవాని తలపై కాలితో గొట్టిరి. 2021లో ఆ పోలీసునకు నరహత్యకు ఎనిమిదేండ్ల శిక్ష పడినది.

మీలో నొకరు అడుగవచ్చును: తప్పంతయు ఆయుధముదేనా? కాదు. 2015 ఫిబ్రవరిలో అమెరికాలోని అలబామా రాష్ట్రమున, మనుమని సాకుటకు కొడుకింటికి వచ్చిన 57 ఏండ్ల గుజరాతీ పెద్దమనిషి వీధిలో నడచుచుండెను. ఎవరో అనుమానించి పోలీసులకు టెలిఫోను చేసిరి. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసు ఆయనను నేలకు విసరివైచెను. వెన్నుపూస దెబ్బతిని అవయవములు పడిపోయినవి. అచ్చట టేజరు లేదు. రెండు మారులు జూరీ ఏకాభిప్రాయమునకు రాలేదు. తుదకు న్యాయమూర్తి ఆ పోలీసును విడిచిపెట్టెను. తొందర మనిషిలోనిది. ఆయుధము ఆ తొందరకు సులువైన త్రోవ చూపును. చేయివేయు శ్రమగూడ తప్పించును.

బ్రెయిడ్‌వుడ్‌గారు నిషేధము కోరలేదు. కొందఱు మిత్రులు ఆయనపై అందులకు కినుక వహించిరి. నేను ఆయనతో నేకీభవింతును. ఎదుటివాడు దేహహాని చేయుచున్నప్పుడుగాని, తక్షణము చేయబోవుచున్నప్పుడుగాని తప్ప వాడరాదనెను. అప్పుడైనను అంతకు తక్కువ బలముతో పనిగాదని, మాటలతో శాంతపఱచుటకు వీలులేదని తేలవలెను. ఎదురాడుట, ఆజ్ఞ వినకుండుట, పట్టు వదలకుండుట చాలవు. ఆ ప్రభుత్వము ఆయన సిఫార్సులను అంగీకరించెను. ఆ రాష్ట్రమున ఆ ఆయుధపు వాడుక పిదప చాల తగ్గినది. పోలీసుల చేతులు కట్టివేసిన నేరములు చెలరేగునని భయపెట్టినవారు చెలరేగుటను చూపలేకపోయిరి.

ఇక మన యింటిమాట. ఈ ఆయుధము మన ఠాణాలలో ఇంకను సాధారణము గాలేదు. రాదని నమ్మకము లేదు. వచ్చునప్పుడు 'ప్రాణహాని లేనిది' అను పేరుతోనే వచ్చును. అప్పుడు మన చట్టము ఎట్లున్నదో చూడుడు. అరెస్టును ప్రతిఘటించువానిపై 'అవసరమైన సాధనములన్నియు' పోలీసు వాడవచ్చునని 1898 నాటి నేరవిచారణస్మృతి చెప్పెను. 1973 స్మృతి చెప్పెను. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షనును అదియే చెప్పుచున్నది. స్పష్టముగ గీచిన హద్దు ఒక్కటే: మరణదండనగాని యావజ్జీవశిక్షగాని లేని నేరమునకు మనిషిని చంపరాదు. తప్పించుకొనకుండుటకు వలసినంతకన్న ఎక్కువ నిర్బంధము కూడదను మాటయు గలదుగాని, ఎంత యెక్కువ, ఎంత తక్కువ యనునది పోలీసు నోటిమాటపై నిలుచును. కనుక చట్టము గీచిన గీత మరణమువద్ద నున్నది. మరణము లేదని చెప్పుకొను ఆయుధము ఆ గీత కివతల నిలిచి ఎంతపనియైన జేయగలదు. మన చట్టములోని ఈ సందు టేజరు రాకముందే మూయదగినది.

డి. కె. బసు వ్యాజ్యములో 1996లో సుప్రీంకోర్టు, అరెస్టయినవాడు కోరినచో ఒంటిమీది పెద్ద గాయములు, చిన్న గాయములు వ్రాసియుంచవలెననియు, కస్టడీలో నలువదియెనిమిది గంటలకొకమారు వైద్యుడు పరీక్షింపవలెననియు శాసించెను. ఆ వైద్యునికి రెండు సూదిపోట్లను చూచి గుఱుతుపట్ట నేర్పినవారెవరు? యంత్రములోని లెక్కను దింపి ముద్దాయి వకీలునకు ఇచ్చుటకు ఏ నిబంధన యున్నది? ప్రతి ప్రయోగము పిమ్మటను ఆ లెక్కను మేజిస్ట్రేటునకు పంపవలెను. ఒంటికి ఆనించి నొక్కు పద్ధతిని లాకప్పులో పూర్తిగ నిషేధింపవలెను. వాడు చోట్ల దేహహాని యను గీత బ్రిటిషు కొలంబియాలోవలె చట్టమున వ్రాయవలెను. సర్క్యులరులో వ్రాసిన చాలదు, సర్క్యులరు ఒక్క సంతకముతో మాఱును. చూచుచున్న పౌరుడు తన ఫోనులో చిత్రము తీసిన, ఆ ఫోనును లాగికొనరాదు; దర్యాప్తునకు కావలసిన నకలు దీసికొని అక్కడనే తిరిగి ఇయ్యవలెను. ప్రిచర్డు కోర్టు కెక్కగలిగెను. మన రైల్వే ప్లాటుఫారముపై నిలిచిన కూలివాడు ఎక్కగలడా?

ఆ యువకుడు నేడు మూడవ వరుసలో కూర్చున్నాడు. ఆయన ముఖము చూడగా నింకను పూర్తిగ తృప్తిపడినట్లు లేదు. కత్తిపట్టిన దొంగ ఎదురైన కానిస్టేబులు ఏమి చేయవలెనని అడుగబోవుచున్నాడని తోచుచున్నది. ఆ కానిస్టేబులునకు నేను టేజరు అడ్డుపెట్టలేదని ముందే చెప్పితిని. అయినను ఆయన వాదము వినుటకు నేను సిద్ధముగ నున్నాను. అధ్యక్షులవారు అనుమతించిన, దీపము లార్పుటకు ఇంకను అరగంట వ్యవధి గలదు.